ఈ-పుస్తకం నుంచి వర్డ్ ఫైలుకు: అక్షరాలతో పాటు పుస్తకం కూడా రావాలి

అందరికీ నమస్కారం. ఈ-పుస్తకం ఫైలును వర్డ్‌లో ఎడిట్ చేసుకునే ఫైలుగా మార్చడం గురించి మాట్లాడమన్నారు. మీలో చాలామంది ఈ పని చేసే ఉంటారు. ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌లో ఫైలు పడేశారు, బటన్ నొక్కారు, కాసేపట్లో డాక్స్ ఫైలు వచ్చేసింది. తెరిచి చూస్తే అక్షరాలన్నీ ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నారు. మర్నాడు కూర్చుని ఎడిటింగ్ మొదలుపెట్టాక అసలు టెన్షన్ మొదలైంది. అవునా, కాదా? ఒక అధ్యాయం పేరు మారిస్తే విషయసూచికలో మారదు. ఒక ఫుట్‌నోట్ కొత్తగా చేరిస్తే మిగతా నంబర్లు జరగవు. ఫాంట్ మార్చబోతే సగం పేరాలు మారతాయి, సగం మారవు. ఎందుకిలా?

అక్షరాలు వచ్చాయి, పుస్తకం రాలేదు. అదీ సంగతి. నేను ఇవాళ చెప్పదల్చుకున్నది ఈ ఒక్క మాటే. పుస్తకంలో అక్షరాలతో పాటు ఒక ఏర్పాటు ఉంటుంది. ఏది అధ్యాయం పేరు, ఏది ఉపశీర్షిక, ఏది మామూలు పేరా, ఏది పద్యపాదం, ఏది నోటు అన్న ఏర్పాటు. అది మూలం ఫైల్లో ఉందో లేదో ముందు చూడాలి. ఉంటే జారిపోకుండా తెచ్చుకోవాలి. లేకపోతే వర్డ్‌లోకి రాగానే మొట్టమొదట మనమే దాన్ని నిలబెట్టాలి. ఎడిటింగ్ ఆ తర్వాతే.

ఈ పని ఎవరికి అవసరం పడుతుంది? రచయితలకు. పుస్తకం వచ్చి ఏళ్లు గడిచాయి, టైపు చేసిన అసలు ఫైలు ఎవరి కంప్యూటర్లోనో పోయింది, చేతిలో మిగిలింది ఈపబ్ అనే ఈ-పుస్తకం ఫైలు మాత్రమే. రెండో ముద్రణకు దిద్దాలంటే ఎలా? అనువాదకులకు. మూలాన్ని ఒక పక్క, అనువాదాన్ని ఒక పక్క పెట్టుకుని, అనుమానం వచ్చిన చోట కామెంట్ రాసుకోవాలంటే వర్డ్ ఫైలు ఉంటేనే సుఖం. చూపు తక్కువగా ఉన్నవాళ్ల కోసం పెద్ద అక్షరాల ప్రతి తయారుచేసేవాళ్లకు కూడా ఇది నిత్యం ఉండే పనే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. మీ సొంత పుస్తకమో, హక్కుదారు అనుమతి ఇచ్చిందో, కాపీరైట్ గడువు తీరిందో అయితేనే ఈ పనికి దిగండి. కొన్న పుస్తకాల్లో చాలావాటికి డీఆర్‌ఎమ్ అనే డిజిటల్ తాళం ఉంటుంది. మార్చే సాఫ్ట్‌వేర్లు ఆ తాళం చూడగానే పని ఆపేస్తాయి. అప్పుడు తాళం పగలగొట్టే దారులు వెతక్కండి, ప్రచురణకర్తకు ఉత్తరం రాయండి. అనువాదానికో, ప్రత్యేక అవసరాలున్న పాఠకుల కోసమో అని వివరంగా రాస్తే ఫైలు ఇచ్చే ప్రచురణకర్తలు ఉన్నారు. అడగడానికి మొహమాటపడకండి.

ముందు ఫైలు లోపల చూడండి

ఈపబ్ అంటే ఏమిటి? మనలో ఎక్కువమంది దాన్ని ఒకే ఫైలు అనుకుంటాం. నిజానికి అది జిప్ చేసిన ఒక మూట. ఐడీపీఎఫ్ అనే సంస్థ 2007లో దీన్ని ప్రమాణంగా ప్రకటించింది. 2017లో ఆ సంస్థ వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీలో కలిసిపోయింది, ఇప్పుడు ఈపబ్ బాగోగులు వాళ్లే చూస్తున్నారు. వెబ్ వాళ్ల చేతికి వెళ్లడం సహజమే, ఎందుకంటే ఈపబ్ లోపల ఉన్నవి వెబ్ పేజీలే.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. ఈ ఈపబ్‌కి ముందు ఒక కాపీ తీసుకున్నాను. కాపీ మీదే పని, అసలు ఫైలు జోలికి పోవద్దు. కాపీ పేరు చివర ఈపబ్ అని ఉన్న చోట జిప్ అని మార్చాను. విప్పాను. ఏం కనబడుతున్నాయి? ఇది జిప్ మూటే గాని ఈపబ్ అని చెప్పే ఒక చిన్న ఫైలు. అధ్యాయాల వరుస ఎక్కడుందో చూపించే ఇంకో ఫైలు. బొమ్మల ఫోల్డరు. అధ్యాయానికి ఒకటి చొప్పున హెచ్‌టీఎమ్ఎల్ ఫైళ్లు, అంటే ఇందాక చెప్పిన వెబ్ పేజీలు. రంగులు, సైజులు చెప్పే స్టైల్ షీటు. ఇంతే.

ఒక అధ్యాయం ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరుద్దాం. మొదటి వాక్యం దగ్గరే మనకు కావలసిన సంగతంతా తేలిపోతుంది. అధ్యాయం పేరుకి ముందు కోణాల బ్రాకెట్లలో ఏ ట్యాగ్, అంటే ఇది ఫలానా అని చెప్పే గుర్తు, ఉంది? హెచ్1 అనో హెచ్2 అనో ఉంటే, మీ అదృష్టం, ఆ పుస్తకం కట్టిన మనిషి ఇది శీర్షిక అని మెషీన్‌కు చెప్పి పెట్టాడు. మార్చినప్పుడు అది వర్డ్‌లో హెడింగ్ 1గా, హెడింగ్ 2గా దిగుతుంది. కానీ ఇంకో ఈపబ్ నుంచి తీసిన ఈ రెండో ఫైలు చూడండి. ఇక్కడ అధ్యాయం పేరుకి కూడా పీ అనే ట్యాగే ఉంది. అంటే మామూలు పేరా. పక్కన క్లాస్ అని ఏదో నంబరుతో ఒక పేరు. ఆ పేరుకి స్టైల్ షీటులో పెద్ద సైజు, బోల్డ్, మధ్యకు జరపడం అని రాసి ఉంది. చదివే మనిషి కంటికి ఇది శీర్షికే. మెషీన్‌కు ఇది లావుగా ఉన్న పేరా, అంతే.

ఈ రెండు పుస్తకాలూ చదువుతున్నప్పుడు ఒకేలా కనబడతాయి. తేడా ఎప్పుడు తెలుస్తుంది? మార్చాక. వర్డ్‌లో వ్యూ మెనూలోకి వెళ్లి నావిగేషన్ పేన్ తెరవండి. మొదటి పుస్తకానికి ఎడమ పక్క అధ్యాయాల పేర్లన్నీ వరుసగా వస్తాయి. రెండో పుస్తకానికి ఆ పక్క ఖాళీ. అందుకే చెబుతున్నాను, మార్చే ముందు ఈ కాసేపు లోపల చూడడం మానకండి. ఏ పని ముందుందో, ఎంత పని ఉందో అక్కడే తెలిసిపోతుంది.

ఇంకో సంగతి మీకు ఆసక్తిగా ఉంటుంది. డాక్స్ ఫైలు కూడా జిప్ మూటే. 2007 వర్డ్‌తో వచ్చిన పద్ధతి అది. దాని పేరు చివర కూడా జిప్ అని మార్చి విప్పితే లోపల వర్డ్ అనే ఫోల్డరు, అందులో మీడియా అనే ఫోల్డరు కనబడతాయి. మీ బొమ్మలన్నీ అక్కడే ఉంటాయి. బొమ్మలు అన్నీ వచ్చాయా, నాణ్యత తగ్గిందా అని చూసుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి నాకు తెలియదు.

ఏ దారిన మార్చాలి

వర్డ్ నేరుగా ఈపబ్‌ను తెరవదు. మధ్యలో ఒక సాఫ్ట్‌వేర్ కావాలి. నేను రెండు వాడతాను, రెండూ ఉచితం, రెండూ మన కంప్యూటర్లోనే నడుస్తాయి. ఒకటి కాలిబర్. కోవిద్ గోయల్ 2006లో మొదలుపెట్టినది. రెండోది పాండాక్. జాన్ మెక్‌ఫార్లేన్ అనే తత్వశాస్త్ర ఆచార్యుడు రాశారు, అదీ 2006లోనే మొదలైంది. 

కాలిబర్ గొప్పతనం, అది తీసుకోని ఫార్మాట్ తక్కువ. ఈపబ్ సరే, మోబీ కూడా తీసుకుంటుంది, అమెజాన్ కిండిల్ వాడే ఏజడ్‌డబ్ల్యూ3 కూడా తీసుకుంటుంది. మోబీ సంగతి తెలుసు కదా, మోబీపాకెట్ అనే ఫ్రెంచ్ కంపెనీది, 2005లో అమెజాన్ దాన్ని కొనేసింది. పాత పుస్తకాలు ఆ రూపంలో ఇంకా చాలామంది దగ్గర ఉన్నాయి. వాటికి కాలిబరే దిక్కు. పుస్తకాన్ని చేర్చి, కన్వర్ట్ నొక్కి, కుడి పక్క పైన అవుట్‌పుట్ డాక్స్ అని ఎంచుకోవడమే. కాలిబర్ మూలంలోని రూపాన్ని వీలైనంత అలాగే తేవాలని చూస్తుంది. అందువల్ల వర్డ్‌లో నంబర్లు తగిలించిన స్టైళ్లు, అంటే పేరు పెట్టి దాచిన ఫార్మాటింగ్‌లు, బోలెడు పుట్టుకొస్తాయి. చూడ్డానికి పుస్తకంలాగే ఉంటుంది, ఎడిట్ చేయబోతే ఆ స్టైళ్ల గుంపులో పడతాం.

పాండాక్ దారి వేరు. మోబీ తీసుకోదు, పీడీఎఫ్ తీసుకోదు. బటన్లు లేవు, కమాండ్ టైపు చేయాలి. పాండాక్ అని, ఈపబ్ పేరు, హైఫన్ ఓ, డాక్స్ పేరు. ఒక్క లైను. భయపడేంత ఏం లేదు. రూపం గురించి అది పెద్దగా పట్టించుకోదు. రంగులు, సైజులు వదిలేస్తుంది. శీర్షిక, పేరా, ఇటాలిక్, జాబితా, నోటు, ఇవి మాత్రం తెస్తుంది. మనకు కావలసింది సరిగ్గా అదే కదా? పైగా రిఫరెన్స్ డాక్ అని ఒక సదుపాయం ఉంది. మీకు నచ్చిన ఫాంటు, మార్జిన్లు, హెడింగ్ సైజులు పెట్టుకున్న ఒక నమూనా డాక్స్ దానికి ఇస్తే, కొత్తగా వచ్చే ఫైలు ఆ స్టైళ్లతోనే తయారవుతుంది. పది పుస్తకాలు మార్చినా పదీ ఒకే తీరుగా వస్తాయి. శుభ్రంగా కట్టిన ఈపబ్ అయితే నా ఓటు పాండాక్‌కే. శీర్షికలు కూడా పేరాలుగానే ఉన్న ఈపబ్ అయితే కాలిబర్, ఎందుకంటే అక్కడ కనీసం రూపమైనా వస్తుంది, దాన్ని పట్టుకుని శీర్షికల్ని గుర్తుపట్టొచ్చు.

ఆన్‌లైన్‌లో మార్చిపెట్టే సైట్లు ఉన్నాయి కదా అని అడుగుతారు. ఉన్నాయి. అచ్చు కాని రచనను, ఇంకొకరి హక్కులున్న పుస్తకాన్ని ముక్కూమొహం తెలియని సర్వర్‌కు ఎక్కించడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఇంట్లో కంప్యూటర్ మీద అయ్యే పనికి బయటికి ఎందుకు పంపాలి?

ఇక పీడీఎఫ్. పీడీఎఫ్‌లో పేరా అన్నదే ఉండకపోవచ్చు. ఈ అక్షరాన్ని కాగితం మీద ఈ చోట వెయ్యి అని చెప్పడం దాని పని. వర్డ్ 2013 నుంచీ పీడీఎఫ్‌ను నేరుగా తెరిచి మార్చగలదు, ఊహించి పేరాలు కడుతుంది. కొన్ని కన్వర్టర్లు ప్రతి లైనునీ ఒక పేరా చేసేస్తాయి. పేజీ పైన ఉండే పుస్తకం పేరు, కింద ఉండే పేజీ నంబరు వాక్యం మధ్యలోకి వచ్చి కూర్చుంటాయి. ఒకే పుస్తకానికి ఈపబ్, పీడీఎఫ్ రెండూ ఉంటే మరో ఆలోచన వద్దు, ఈపబ్ తీసుకోండి.

తెలుగు పీడీఎఫ్‌కి ఇంకో చిక్కు ఉంది. యూనికోడ్, అంటే తెలుగు అక్షరాలకు వాటి సొంత సంకేతాలు ఇచ్చే పద్ధతి, వాడకం పెరగకముందు డీటీపీ ఫాంట్లతో కట్టిన పుస్తకాల్లో, తెరమీద తెలుగు కనబడుతున్నా, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. కాపీ చేసి వర్డ్‌లో పెట్టగానే అర్థంలేని అక్షరాలు వస్తాయి. అప్పుడు ఆ ఫాంటుకు సరిపోయే యూనికోడ్ కన్వర్టర్ కావాలి, లేదా పేజీలను బొమ్మలుగా తీసుకుని ఓసీఆర్ చేయాలి, అంటే బొమ్మలోని అక్షరాలను సాఫ్ట్‌వేర్‌తో గుర్తుపట్టించాలి. యూనికోడ్‌లోనే కట్టిన పీడీఎఫ్ అయినా నిశ్చింత లేదు. ఒత్తులు, గుణింతాలు విడివిడి ఆకారాలుగా ఉండడం వల్ల, అమ్మ అన్న మాట పొల్లు పోగొట్టుకుని అమమ అని రావచ్చు. నాలుగు పేజీలు తెచ్చి చూడండి. ఒత్తులు చెదిరి ఉంటే దాన్ని దిద్దుతూ కూర్చోవద్దు, ఓసీఆర్ దారి పట్టండి, పని తక్కువ పడుతుంది.

వర్డ్‌లోకి వచ్చాక

ఫైలు వర్డ్‌లో తెరిచారు. మొదట నొక్కాల్సింది కంట్రోల్, షిఫ్ట్, 8. దాచి ఉన్న గుర్తులన్నీ బయటపడతాయి. ఈ గుర్తులు చూడకుండా ఎడిట్ చేయడం చీకట్లో సూదిలో దారం ఎక్కించడమే.

శీర్షికలతో మొదలుపెట్టండి. నావిగేషన్ పేన్ ఖాళీగా ఉందా? ఒక అధ్యాయం పేరు మీద కర్సర్ పెట్టండి. హోమ్ ట్యాబ్ చివర సెలెక్ట్ అని ఉంటుంది, అందులో ఒకే రకం ఫార్మాటింగ్ ఉన్న టెక్స్ట్ అంతా ఎంచుకోమని చెప్పే వీలుంది. అది నొక్కితే పుస్తకంలోని అధ్యాయాల పేర్లన్నీ ఒకేసారి సెలెక్ట్ అవుతాయి. ఇప్పుడు కంట్రోల్, ఆల్ట్, 1. అన్నీ హెడింగ్ 1 అయిపోతాయి. ఒక్కసారి ఎడమ పక్క చూడండి, ఖాళీగా ఉన్న చోట పుస్తకం మొత్తం వరుసగా వచ్చింది. నాకు ఈ క్షణం ఎన్నిసార్లు చూసినా సంతోషమే. అంతదాకా అది అక్షరాల కుప్ప, ఇప్పుడు దానికి అధ్యాయాలు ఉన్నాయి.

తర్వాత కవిత్వం, పాటలు, ఉత్తరాలు. ఈ ఒక్క చోట నిదానించండి. వర్డ్‌లో లైను ఆపడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. ఎంటర్ నొక్కితే పేరా ముగుస్తుంది. షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ నొక్కితే పేరా అలాగే ఉండి లైను మాత్రం తెగుతుంది. ఈపబ్‌లో కవితను చాలామంది ఈ రెండో పద్ధతిలో కడతారు. వర్డ్‌లోకి వచ్చాక మీరు మొత్తం పుస్తకాన్ని రెండు పక్కలా సమంగా ఉండేట్టు జస్టిఫై చేశారనుకోండి. అలా తెగిన లైన్లన్నీ సాగిపోతాయి. మూడు మాటల పాదం పేజీ ఈ చివర నుంచి ఆ చివరకు, మాటకీ మాటకీ మధ్య జానెడు ఖాళీతో పరుచుకుంటుంది. కవి చూస్తే ఏమంటాడు? దీనికి మందు, కవితల కోసం విడిగా ఒక స్టైలు తయారుచేసి, ఎడమ అలైన్‌మెంట్ పెట్టి, కవితలకు మాత్రం అది వేయడం. ఫైండ్ పెట్టెలో క్యారెట్ గుర్తు (^), పక్కనే ఇంగ్లీషు చిన్న ఎల్ కొడితే అలా తెగిన లైన్లన్నీ వరసగా దొరుకుతాయి. ఒక్కొక్కటి చూస్తూ వెళ్లండి. అన్నీ ఒకేసారి మార్చేయమని మాత్రం చెప్పకండి, చరణాల మధ్య తేడా చెరిగిపోతుంది.

పీడీఎఫ్ నుంచి లైనుకో పేరా పడిన ఫైలు వస్తే, అసలు పేరాల మధ్య ఖాళీ లైను ఉన్నట్టయితే, ఒక పాత చిట్కా పనిచేస్తుంది. పేరా గుర్తు క్యారెట్, చిన్న పి. అలాంటివి రెండు పక్కపక్కన ఉన్న చోట పుస్తకంలో ఎక్కడా రాని ఒక గుర్తు పెట్టండి, నాలుగు ఎట్ గుర్తులు అనుకుందాం. తర్వాత మిగిలిన ఒంటి పేరా గుర్తుల స్థానంలో ఒక ఖాళీ పెట్టండి. చివరికి ఆ నాలుగు ఎట్ గుర్తులను మళ్లీ పేరా గుర్తు చేయండి. వరుస తప్పితే మొత్తం పుస్తకం ఒకే పేరా అవుతుంది, జాగ్రత్త.

ఫుట్‌నోట్ల సంగతి. ఈపబ్‌లో నోటు అంటే సాధారణంగా ఒక లింకు. చిన్న అంకె మీద నొక్కితే అధ్యాయం చివరికి పోతుంది, అక్కడ నొక్కితే వెనక్కి వస్తుంది. వర్డ్‌లోకి వచ్చాక కూడా అది లింకుగానే మిగిలితే, వర్డ్ దృష్టిలో అది ఫుట్‌నోటే కాదు. మధ్యలో ఒకటి చేరిస్తే తర్వాతివాటి నంబర్లు మీరే చేత్తో దిద్దాలి. ఈపబ్ 3 పద్ధతిలో, ఇది నోటు అని ట్యాగులోనే గుర్తుపెట్టి కట్టిన పుస్తకమైతే పాండాక్ దాన్ని పసిగట్టి అసలైన ఫుట్‌నోటుగా మారుస్తుంది. నోట్లు ఎక్కువ ఉన్న పుస్తకానికి మొదట ఇదే ప్రయత్నించండి. కుదరకపోతే ఒక్కో నోటును వర్డ్ ఫుట్‌నోటుగా మళ్లీ పెట్టడం తప్ప దగ్గరి దారి లేదు. విసుగు పుట్టించే పనే. కానీ రెండో ముద్రణలో నోట్లు పెరిగే పుస్తకమైతే ఈ శ్రమ ఊరికే పోదు.

కంటికి కనబడని అక్షరాలు కొన్ని ఉంటాయి. చిన్న తెర మీద మాటను విరవడానికి వీలుగా కొందరు ఈపబ్ తయారీదారులు మాటల మధ్యలో సాఫ్ట్ హైఫన్లు పెడతారు. వర్డ్‌లో మాట పూర్తిగానే కనబడుతుంది, వెతికితే మాత్రం దొరక్కపోవచ్చు. ఫైలును వర్డ్‌కు మార్చక ముందే వీటిని కాలిబర్‌లోని ఈపబ్ ఎడిటర్‌లోనో, సిజిల్ అనే ఇంకో ఈపబ్ ఎడిటర్‌లోనో తీసేయడం తేలిక. తెలుగులో దీనికి తోడు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే ఇంకో కనబడని అక్షరం ఉంది. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో టకారం పొల్లు విడిగా నిలబడాలంటే అది ఉండాలి. అది లేకపోతే వకారం ఒత్తయి కిందికి దిగుతుంది. చెత్త అక్షరాలన్నీ తీసేసే టూల్ ఏదైనా నడిపితే దీన్ని కూడా ఊడ్చేస్తుంది, పుస్తకమంతా ఇలాంటి మాటలు కలిసిపోతాయి. కాబట్టి సాఫ్ట్ హైఫన్ తీయండి, దీన్ని ముట్టుకోకండి.

తెలుగు ఫాంటు మారడం లేదని చాలామంది అడుగుతారు. వర్డ్ ఇంగ్లీషు అక్షరాలకు ఒక ఫాంటు, తెలుగులాంటి కాంప్లెక్స్ స్క్రిప్టులకు మరో ఫాంటు గుర్తుపెట్టుకుంటుంది. సైజు కూడా విడిగానే. మార్చి తెచ్చిన ఫైల్లో మొదటిదే నింపి, రెండోది వదిలేసి ఉండొచ్చు. స్టైలును మాడిఫై చేసేటప్పుడు ఫాంట్ పెట్టెలో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అన్న భాగం చూడండి, అక్కడ పెట్టండి. పేరాలను ఒక్కొక్కటిగా పట్టుకుని మార్చడం కన్నా స్టైల్లో మార్చితే పుస్తకమంతా ఒకేసారి సర్దుకుంటుంది.

ఆఖరిది సరిచూసుకోవడం. దీన్ని దయచేసి వదలొద్దు. మూలంలో ఎన్ని అధ్యాయాలున్నాయో అన్నీ వచ్చాయా? ప్రతి అధ్యాయం చివరి పేరా ఉందా? ఇటాలిక్‌లో ఉన్న మాటలు ఇటాలిక్‌లోనే ఉన్నాయా? మనసులోని మాటని ఇటాలిక్‌లో నడిపే రచయితలు ఉన్నారు, అది పోతే పైకి అన్న మాటకీ లోపల అనుకున్న మాటకీ తేడా పోతుంది. ముఖ్యమైన పుస్తకమైతే నేను రెండు దారుల్లోనూ మారుస్తాను. ఒకటి కాలిబర్‌తో, ఒకటి పాండాక్‌తో. వర్డ్ రివ్యూ ట్యాబ్‌లో కంపేర్ అని ఉంది, రెండు ఫైళ్లనూ దానికి ఇస్తాను. ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేని వాక్యం ఉంటే రంగులో కనబడిపోతుంది. ఫార్మాటింగ్ తేడాలు చూపొద్దని ముందే టిక్ తీసేయండి, లేకపోతే పుస్తకమంతా రంగులే.

ఇదంతా అయ్యాక ఆ ఫైలును ఒక పేరుతో భద్రం చేసి, దాని కాపీ మీద ట్రాక్ ఛేంజెస్ పెట్టుకుని ఎడిటింగ్ మొదలుపెట్టండి. రేపు మళ్లీ ఈపబ్ చేయాలన్నా కాలిబర్‌కి ఇదే డాక్స్ ఇస్తే చాలు, మీరు పెట్టిన హెడింగ్‌ల నుంచే విషయసూచిక తయారవుతుంది. నేను తెచ్చిన రెండు ఈపబ్‌లూ స్క్రీన్ మీద తెరిచే ఉన్నాయి. మీ ఫైళ్లు కూడా తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, ఒక్కొక్కటీ విప్పి చూద్దాం.